జపాన్ లక్క పెట్టెలు, బంగారు పొడి, సాదాతనం: అసలు ఏం చూడాలి?

పాతబస్తీ_బాటసారి:
వచ్చే నెల ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నాను. మామూలు రోజులన్నీ మీటింగులకే పోతాయి, శని ఆదివారాలు మాత్రం నావి. ఎలక్ట్రానిక్స్ షాపుల మీద ఆసక్తి లేదు, పాత కళా వస్తువులు చూడాలని ఉంది.

నా సందేహం ఇది. జపాన్ కళ అనగానే యూట్యూబ్‌లో అందరిదీ ఒకటే పాట: సాదాతనం, ఖాళీ స్థలం, వాబి-సాబి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువులు చూస్తే మాత్రం సత్సుమా కూజాల మీద వేలు పెట్టేంత ఖాళీ కూడా లేదు. బంగారం, మనుషులు, పువ్వులు, మళ్ళీ బంగారం. మరి ఏది అసలు జపాన్?

రెండోది, నల్లగా మెరిసే లక్క పెట్టె ముందు నిలబడితే నాకు "బావుంది" అనడం తప్ప ఇంకేమీ తోచదు. దాంట్లో ఏం చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి. పుస్తకాల పేర్లు మాత్రం వద్దు, చదివే టైం లేదు.

కనజావా_పద్మజ:
బాటసారి గారూ, రెండూ అసలే.

16వ శతాబ్దం చివర్లో సెన్ నో రిక్యూ అనే టీ గురువు ఉండేవాడు. రెండు తతామీ చాపలు పట్టేంత గది, మట్టి గోడలు, రాకు అనే రకం, చేత్తో మలిచిన నల్ల మట్టి గిన్నె, అంతే. ఆయనదని చెప్పే తైఆన్ అనే గది క్యోటో దగ్గర యమజాకిలో ఇప్పటికీ ఉంది. ఈ రిక్యూ ఎవరి కొలువులో ఉండేవాడంటే తొయొతొమి హిదెయొషి దగ్గర. ఆ హిదెయొషి గోడలకి, పైకప్పుకి బంగారు తాపడం చేయించి ఇంకో టీ గది కట్టించాడు. విప్పి మోసుకుపోయేలా కట్టించిన ఆ గదిని 1586లో రాజప్రాసాదానికి పట్టుకెళ్ళి చక్రవర్తికి టీ ఇచ్చాడు. మట్టి గదీ బంగారు గదీ ఒకే కాలంలో, ఒకే మనుషుల మధ్య పుట్టాయి. తర్వాత 1591లో అదే హిదెయొషి రిక్యూని కడుపు కోసుకుని చావమని ఆజ్ఞాపించాడు, అది వేరే కథ.

అందుకని "జపాన్ అంటే సాదాతనం" అన్న మాట పక్కన పెట్టేసి వెళ్ళండి. దానికి బదులు ప్రతి వస్తువు దగ్గరా ఒకటి అడగండి: ఇది ఎవరి చేతిలో ఉండటానికి, ఏ వెలుతురులో చూడటానికి చేశారు?

లక్క విషయానికొస్తే, నేను ఉండే ఇషికావా రాష్ట్రం దానికి పుట్టిల్లు లాంటిది. తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావాలి.

లెక్క_తేలాలి:
ఈలోగా ఒక అనుమానం. లక్క అంటే మన ఏటికొప్పాక బొమ్మల మీద వేసేదే కదా? దానికి జపాన్ దాకా వెళ్ళాలా?

పాత_సామాను:
రెండూ వేరండీ. ఏటికొప్పాకలో వాడేది పురుగు ఇచ్చే లక్క. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క పుల్లని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి కర్రకి పట్టుకుంటుంది. మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. జపాన్ వాళ్ళు వాడే లక్క పేరు ఉరుషి, అది చెట్టు నుంచి కారే పాలు. ఒకసారి గట్టిపడిందంటే ఇక కరగదు. మరిగే పులుసు పోసినా, ఆమ్లం పడినా చలించదు. దానికి శత్రువులు రెండే: ఎండ, పొడి గాలి.

ఆకులు_అలములు:
చెట్టు మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి.

ఉరుషి చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబంలోదే. మామిడికాయ కోసేటప్పుడు సొన పడితే మూతి పొక్కుతుంది కదా, ఆ గుణం ఈ కుటుంబానికే ఉంది. పూర్వం చాకిరేవులో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్ళు. గాలి తగిలి నల్లబడిన ఆ గుర్తు ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఉరుషి చేసేదీ ఇంచుమించు అదే. అందులోని ఉరుషియోల్ అనే పదార్థం, నల్లజీడి రసంలోని పదార్థం దగ్గరి చుట్టాలు.

పచ్చి ఉరుషి చర్మానికి తగిలితే వచ్చే దద్దుర్లు మామూలువి కావు, ఒళ్ళు వాచిపోతుంది. పని నేర్చుకునేవాళ్ళు మొదట్లో ఈ బాధ పడాల్సిందే. పూర్తిగా గట్టిపడ్డాక ఆ భయం ఉండదు, లేకపోతే అన్నం తినే గిన్నెలకి ఎలా వాడతారు!

కనజావా_పద్మజ:
మాస్టారూ, ఇక్కడివాళ్ళకి నల్లజీడి సంగతి చెప్తే ఎంత ముచ్చట పడతారో! సరే, మిగతాది నేను చెప్తాను.

ఉరుషి చెట్టు పాలు తీయడానికి పనికిరావాలంటే పది, పదిహేనేళ్ళు పెరగాలి. జూన్‌లో మొదలుపెట్టి శరదృతువు దాకా, కొన్ని రోజులకోసారి బెరడు మీద అడ్డంగా ఒక్కో గాటు పెడుతూ పోతారు. అలా ఒక చెట్టు మొత్తం సీజన్‌లో ఇచ్చేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆ తర్వాత చెట్టుని నరికేస్తారు, మొదలు నుంచి వచ్చే పిలకల్ని మళ్ళీ పెంచుతారు. జపాన్‌లో తీసే ఉరుషిలో ఎక్కువ భాగం ఇవతె రాష్ట్రంలోని జోబోజి ప్రాంతం నుంచి వస్తుంది. దేశంలో వాడేదాంట్లో చాలావరకు చైనా నుంచి దిగుమతి అయ్యేదే. జాతీయ సంపదగా గుర్తించిన గుళ్ళు, భవనాల మరమ్మత్తుకి మాత్రం స్వదేశీ ఉరుషే వాడాలని 2015లో ప్రభుత్వం నిర్ణయించాక జోబోజి వాళ్ళకి చేతినిండా పని.

ఇక్కడ అందరూ ఆశ్చర్యపోయే విషయం, ఉరుషి ఆరడానికి తడి గాలి కావాలి. పెయింటు ఆరినట్టు నీరు ఆవిరైపోయి ఆరేది కాదిది. అందులో ఉన్న ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేసి పాలని గట్టిపరుస్తుంది, ఆ ఎంజైము పనిచేయాలంటే తేమ ఉండాలి. 20 నుంచి 25 డిగ్రీల వేడి, 70 నుంచి 80 శాతం తేమ. అందుకే పూత పూసిన గిన్నెల్ని మురో అనే చెక్క బీరువాలో పెట్టి, లోపలి పలకల్ని తడిపి తలుపు మూస్తారు. ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఆరుతుంది. రేపటి వాతావరణం చూసుకుని ఈ రోజు ఉరుషి కలిపే మనుషులు వీళ్ళు.

నలుపు సంగతి కూడా చెప్పాలి. ఆ నలుపు మసి కలిపితే వచ్చింది కాదు. ఉరుషిలో ఇనుము కలుపుతారు. రెండూ రసాయనికంగా కలిసి పదార్థమే నల్లగా మారిపోతుంది. అందులో తేలే రేణువులు ఉండవు కాబట్టి చూపు లోపలికి జారిపోతున్నట్టు ఉంటుంది. ఎరుపుకి మాత్రం ఇంగిలీకమో, ఇనుప తుప్పు రంగో కలుపుతారు.

పాతబస్తీ_బాటసారి:
నరికేస్తారా! పదిహేనేళ్ళు పెంచి, టీ గ్లాసుడు పాల కోసం!

ఇప్పుడు ఆ పెట్టె ధర ఎందుకంతో కొంచెం అర్థమవుతోంది. లక్క పనికి వాజిమ అనే ఊరి పేరు ఎక్కడో విన్నాను, భూకంపం వచ్చింది అక్కడే కదా?

కనజావా_పద్మజ:
అవును, మా రాష్ట్రంలోనే, నోతో ద్వీపకల్పం కొనలో. 2024 జనవరి 1న, ఇళ్ళలో అందరూ పండగలో ఉండగా 7.6 తీవ్రతతో వచ్చింది. వాజిమలో పొద్దుటి సంత జరిగే వీధులు మంటల్లో కాలిపోయాయి. లక్క పని ఇళ్ళు, దుకాణాలు, ఏళ్ళ తరబడి దాచుకున్న చెక్క గిన్నెలు పోయాయి. కోలుకుంటుండగా అదే ఏడాది సెప్టెంబరులో వరదలొచ్చాయి. ఆ ఊళ్ళో ఒకరి పని ఆగితే అందరి పనీ ఆగుతుంది, ఎందుకంటే ఒక గిన్నె ఒక మనిషి చేసేది కాదు. చెక్క తొలిచేవాళ్ళు ఒకరు, అడుగు పూతలు వేసేవాళ్ళు ఒకరు, పై పూత ఒకరు, మెరుగు పెట్టేవాళ్ళు ఒకరు, బంగారు పని మరొకరు. చిన్నా పెద్దా కలిపి వందకు పైగా దశలు.

వాజిమ గిన్నె గట్టిదనం అంతా కనపడని చోటే ఉంది. అంచుకి, అడుగుకి, అంటే దెబ్బ తగిలే చోట్ల, ఉరుషితో గుడ్డ అంటిస్తారు. దాని మీద ఆ ఊరి మట్టిని కాల్చి పొడి చేసి ఉరుషిలో కలిపి పూస్తారు. అది మామూలు మట్టి కాదు, సముద్రపు సూక్ష్మజీవుల పెంకులతో ఏర్పడినది. ఒక్కో రేణువులో కంటికి కనిపించని రంధ్రాలు, వాటిలోకి ఉరుషి ఇంకి రాయిలా బిగుసుకుంటుంది. పైన మనం చూసి మురిసిపోయే మెరుపు చివరి రెండు మూడు పూతలదే.

ఆ మెరుపు కూడా రెండు రకాలు. పూసి వదిలేసిన మెరుపు ఒకటి. బొగ్గుతో నూరి, పొడి అద్దిన అరచేత్తోనూ వేలితోనూ రుద్ది తెచ్చిన మెరుపు రెండోది, దాన్ని రోఇరో అంటారు. ఈ రెండోదానిలో మీ ముఖం వంకర పోకుండా కనిపిస్తుంది.

రాజమండ్రి_పాళీ:
పెన్నుల పిచ్చివాణ్ణి, ఒక్క మాట అని పోతాను. మా రాజమండ్రి రత్నం పెన్నులు ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి. ఎబొనైట్‌తో చిక్కేమిటంటే ఎండకీ వాడకానికీ నలుపు వెలిసి గోధుమ రంగుకి తిరుగుతుంది. 1920లలో జపాన్‌లో నమికి కంపెనీ, ఇప్పటి పైలట్, ఎబొనైట్ మీద ఉరుషి పూసి ఆ చిక్కు తీర్చింది. తర్వాత దాని మీదే బంగారు పొడి బొమ్మలు వేయించింది. ఆ పని చేసినవాళ్ళలో మత్సుద గొన్‌రోకు ఒకరు. ఆయనది పద్మజ గారి కనజావానే, 1955లో ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపద అని గౌరవించింది. టోక్యోలో పెద్ద స్టేషనరీ షాపుకి వెళ్తే ఆ పెన్నులు అద్దాల బీరువాలో ఉంటాయి, చూడటానికి టికెట్ అక్కర్లేదు. ధర మాత్రం అడక్కండి, టెన్షన్ వస్తుంది.

లెక్క_తేలాలి:
సజీవ జాతీయ సంపద అంటే పద్మశ్రీ లాంటిదా?

పాత_సామాను:
పద్మశ్రీ మనిషికి ఇచ్చే బిరుదు. జపాన్‌లో 1950 నాటి చట్టం కింద ముందు ఒక విద్యని ముఖ్యమైనదిగా గుర్తిస్తారు, ఆ విద్య చేతిలో ఉన్న మనిషిని తర్వాత గుర్తిస్తారు. ఏటా 20 లక్షల యెన్లు ఇస్తారు, ఆ డబ్బు శిష్యులకి నేర్పడానికీ, పనిని మెరుగుపరుచుకోవడానికీ. కుమ్మరి కవాయ్ కంజిరోకి ఈ గౌరవం ఇస్తామంటే వద్దన్నాడు. ఆయన స్నేహితుడు హమద షోజి తీసుకున్నాడు. ఇద్దరి కుండలూ గొప్పవే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. బాటసారి గారూ, నల్ల పెట్టె ముందు నిలబడితే ఏం చూడాలన్నారు కదా. నేను ముప్పై ఏళ్ళుగా పాత సామాను కొని అమ్మేవాణ్ణి, నా పద్ధతి చెప్తాను.

ముందు నిటారుగా నిలబడి చూడకండి. మోకాళ్ళు వంచి పెట్టె పై పలక మీ కంటి ఎత్తుకి వచ్చేలా చూడండి. అప్పుడు దీపం వెలుగు పలక మీద పాకుతుంది. మంచి పనైతే ఆ వెలుగు అలలు లేకుండా సాగిపోతుంది. తర్వాత అంచులు, మూలలు. పాత పెట్టెల్లో చెక్క కదిలితే ముందు బయటపడేది మూలల్లోనే. తర్వాత మూత లోపలి వైపు. కలం, సిరా దాచుకునే రాత పెట్టెల్లో చాలాసార్లు అసలు బొమ్మ మూత లోపలే ఉంటుంది. పైన మూడు గడ్డి పరకలు వేసి ఊరుకుంటాడు, మూత తీసినవాడికి మాత్రం చంద్రుడూ లేడీ కనిపిస్తాయి. మ్యూజియంలో పక్కన అద్దం పెడతారు దీనికోసమే. ఆ అద్దం ముందు జనం ఆగరు, మీరు ఆగండి.

బంగారం విషయానికొస్తే, మకి-ఎ అనే పనిలో ముందు ఉరుషితో గీత గీస్తారు. అది తడిగా ఉండగానే, చివర పల్చటి పట్టు గుడ్డ కట్టిన చిన్న వెదురు గొట్టంలో బంగారు పొడి పోసి, వేలితో తడుతూ చల్లుతారు. బంగారంతో గీసిన గీత కాదది, జిగురు గీత మీద రాలిన బంగారం. దీంట్లో మూడు రకాలు కంటితో పట్టుకోవచ్చు. పలక మీద కొద్దిగా మాత్రమే పైకి తేలేది ఒకటి. అడుగున మెత్తి ఎత్తు చేసి, కొండలా చెట్టు మొద్దులా ఉబ్బెత్తుగా లేపేది రెండు. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. బొమ్మ అంతా వేసేశాక దాని మీద మళ్ళీ మొత్తం నల్ల ఉరుషి పూసి కప్పేస్తారు, ఆరాక బొగ్గుతో నూరుతూ పోతే బొమ్మ కింది నుంచి పైకి వస్తుంది. వేలితో తడిమినా బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియదు. పొగమంచు, వాన, నీటిలో చంద్రుడు, ఇలాంటివాటికి ఈ పద్ధతి వాడారు.

ఇదంతా చమురు దీపాల కాలం పని. చీకటి గదిలో దీపం కదిలితే ఈ బంగారు పొడిలో ఒక్కో చోట ఒక్కోసారి మిణుకుమంటుంది. నలుపు మాయమై బంగారం మాత్రం గాల్లో నిలుస్తుంది. ట్యూబులైటు కింద పెడితే పెళ్ళిమండపం డెకరేషన్‌లా కనిపించడంలో తప్పు పెట్టెది కాదు.

పాతబస్తీ_బాటసారి:
పాత_సామాను గారూ, ఇది ప్రింటు తీసి పెట్టుకుంటున్నాను. ఒక్క పెట్టె చూడగలిగితే చాలు అనుకుంటే ఏది చూడాలి?

పాత_సామాను:
ఒగత కోరిన్ చేసిన ఎనిమిది వంతెనల రాత పెట్టె, టోక్యో నేషనల్ మ్యూజియంలోది. కోరిన్ 1658 నుంచి 1716 దాకా బతికాడు, క్యోటోలో బట్టల వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు. పెట్టె జానెడు కన్నా కొంచెం పొడవు. పై అరలో సిరా నూరే రాయి, కింది అరలో కాగితాలు. నల్ల పలక మీద నీటి ఐరిస్ పూలు, వాటి మధ్య వంకరగా తిరిగే పలకల వంతెన. పూలు ముత్యపు చిప్పతో, ఆకులూ కాడలూ బంగారంతో, వంతెన సీసంతో. అంత ఖరీదైన పెట్టె మీద సీసం రేకు! బంగారం పక్కన మసకగా, పాత చెక్కలా కనిపించడం కోసమే అది. వంతెన మూత మీద మొదలై అంచు దిగి పక్క పలక మీదికి నడుస్తుంది, కాబట్టి ముందు నుంచి చూసి వచ్చేస్తే సగం చూసినట్టే.

ఆ పూల చుట్టూ నీరు గీయలేదు, మనిషిని గీయలేదు. కానీ చదువుకున్న జపాన్ వాడెవడికైనా ఇది ఇసె కథలు అనే పాత పుస్తకంలో, రాజధాని వదిలి తూర్పుకి పోతున్న మనిషి ఈ వంతెనల దగ్గర కూర్చుని ఇంట్లో ఉన్న భార్యని తలుచుకుని పద్యం చెప్పిన చోటని తెలుసు. మనకి ఒక మర్రి ఆకు, నోట్లో పెట్టుకున్న కాలి బొటనవేలు చూపిస్తే వటపత్రశాయి అని ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అలాగ.

జాగ్రత్త, అది ఎప్పుడూ బయట ఉండదు. జాతీయ సంపదల్ని వెలుతురుకి పాడవకుండా కొన్ని వారాలే చూపించి లోపల పెట్టేస్తారు. వెళ్ళే ముందు మ్యూజియం వెబ్‌సైట్ చూసుకోండి. అది లేకపోయినా హోన్‌కాన్ అనే ప్రధాన భవనంలో లక్క పని గది ఉంటుంది, అందులో ఏదో ఒకటి మిమ్మల్ని ఆపుతుంది.

సిరి_వెన్నెల_వాకిట:
ఇంత మంచి చర్చలో కింత్సుగి రాలేదేంటి! పగిలిన గిన్నెని బంగారంతో అతికిస్తారు. మన గాయాలే మన అందం అని చెప్పే కళ. నేను ఆన్‌లైన్‌లో కిట్ కొన్నాను, ఆదివారం కూర్చుని చేసేశాను, మనసుకి ఎంత హాయిగా ఉందో.

లెక్క_తేలాలి:
ఒక్క ఆదివారంలో అయిపోయిందంటే అది ఎపాక్సీ, ఇత్తడి పొడి. బీరువాలో పెట్టుకోండి, అందులో చారు మాత్రం పోయకండి.

కనజావా_పద్మజ:
లెక్క గారూ, కొంచెం మెల్లగా! సిరి గారూ, మీకు హాయిగా ఉంది కదా, అది చాలు. కాకపోతే ఆయన చారు సంగతి నిజమే, ఆ కిట్‌తో అతికించినదాన్ని తిండికి వాడొద్దు.

అసలు పద్ధతిలో అతికించేది బంగారం కాదు, ఉరుషే. పచ్చి ఉరుషిలో గోధుమ పిండి కలిపి జిగురు చేస్తారు. ముక్కలు అతికించి మురోలో వారమో, ఇంకా ఎక్కువో ఉంచుతారు. ఎగిరిపోయిన పెచ్చుల చోట మెత్తటి మట్టి పొడి కలిపిన ఉరుషి నింపుతారు. ఆరనిచ్చి నూరి, మళ్ళీ పూసి నూరి, చివర్న ఎర్ర ఉరుషితో సన్నటి గీత గీసి, అది సగం ఆరిన ఘడియ చూసి బంగారు పొడి చల్లుతారు. నెలలు పడుతుంది. పైన పాత_సామాను గారు చెప్పిన మకి-ఎ పనే ఇది, పగులు మీద చేశారు, అంతే. బంగారం చేసే పనల్లా కనిపించడమే.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే కథ ఉంది, అప్పటి సైనిక పాలకుడు (షోగన్) అషికగ యొషిమసకి ఇష్టమైన చైనా గిన్నె పగిలితే చైనాకి పంపాడు, వాళ్ళు ఇనుప కుట్లు వేసి పంపారు, అది నచ్చక కింత్సుగి పుట్టిందని. ఆ గిన్నె టోక్యో నేషనల్ మ్యూజియంలోనే ఉంది. లేత ఆకుపచ్చ చైనా గిన్నె, ఇనుప కుట్లు ఇప్పటికీ వాటి చోటనే ఉన్నాయి. పాత రాత ప్రకారం, ఇంత మంచి గిన్నె ఇప్పుడు మా దగ్గరా లేదని చైనా వాళ్ళు కుట్లు వేసి తిప్పి పంపారు. జపాన్‌లో టీ మనుషులు ఆ కుట్లకే ముచ్చటపడి, అవి మిడతలా ఉన్నాయని పేరు పెట్టి దాచుకున్నారు. నచ్చకపోవడం ఎక్కడిది!

సిరి_వెన్నెల_వాకిట:
ఇనుప కుట్ల గిన్నె ఫోటో చూశాను. నిజం చెప్పాలా, బంగారం కన్నా అదే బావుంది. నా గిన్నె బీరువాలోకి వెళ్ళింది లెండి.

బందరు_బట్ట:
టోక్యో నేషనల్ మ్యూజియం అనేసరికి నాకు ఆగలేదు. అక్కడ మన వైపు బట్టలు కూడా ఉన్నాయి!

డచ్చి కంపెనీ 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది. కోరమాండల్ తీరంలో కలంతో గీసి, చిరివేరు ఎరుపు అద్దిన బట్టలు అక్కడి నుంచి ఓడలెక్కేవి. 1641 నుంచి జపాన్ డచ్చివాళ్ళని నాగసాకి దగ్గర దెజిమ అనే చిన్న దీవికే కట్టడి చేసింది. ఆ దీవి గుండానే మన బట్టలూ, గుజరాత్ బట్టలూ లోపలికి వెళ్ళేవి. వాటిని సరస అనేవాళ్ళు. గజాల కొద్దీ కొనే స్తోమత అందరికీ లేక, జానెడు ముక్కలు దాచుకునేవాళ్ళు. టీ డబ్బాలకి సంచులు, పెట్టెలకి లోపలి అస్తరు, పొగాకు సంచులు కుట్టించుకునేవాళ్ళు. 1778లో ఈ బట్టల నమూనాల మీద సరస బెన్‌రాన్ అనే పుస్తకమే అచ్చయింది. హికొనె కోటని ఏలిన ఈఇ వంశం వాళ్ళు 450 ముక్కలు సేకరించారు, అవే ఈ మ్యూజియంలో ఉన్నాయి. అందులో భారతదేశపు బట్టలే ఎక్కువ.

మన ఇళ్ళలో అంత పాత ముక్క ఒక్కటైనా ఉందా చెప్పండి. వాడేశాం, చింపేశాం, అటక మీద చెదలకి వదిలేశాం. వాళ్ళు అగ్గిపెట్టెంత ముక్కని కూడా కాగితానికి అంటించి దాచారు.

ఆకులు_అలములు:
చిరివేరు మొక్క దొరకడమే గగనమైపోయింది ఇప్పుడు. వేరే చర్చ పెట్టండి బందరు గారూ, తప్పకుండా వస్తాను.

పాతబస్తీ_బాటసారి:
అద్భుతం. నా సత్సుమా కూజాల ప్రశ్న మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

పాత_సామాను:
అది నేనే చెప్పాలి, ఎందుకంటే అలాంటివి చాలా చేతులు మారాయి నా దగ్గర.

మెయిజి కాలం, అంటే 1868 తర్వాత, జపాన్‌కి విదేశీ డబ్బు కావాలి. అంతకు ఏడాది ముందు 1867 పారిస్ ప్రదర్శనలో, తర్వాత 1873 వియన్నా ప్రదర్శనలో జపాన్ వస్తువులకి యూరప్ జనం ఎగబడ్డారు. 1876లో సమురాయ్‌లు కత్తి పెట్టుకుని తిరగడం నిషేధించారు. కత్తి పిడులకి, ఒరలకి లోహపు నగిషీ చేసి బతికేవాళ్ళకి ఒక్కసారిగా పని పోయింది. వాళ్ళ చేతులు కూజాలు, అగరు పాత్రలు, పెట్టెల వైపు తిరిగాయి, కొనేవాళ్ళు లండన్‌లో, న్యూయార్క్‌లో. సత్సుమా కూజా మీద ఆ బంగారం, ఆ రద్దీ అంతా విదేశీ డ్రాయింగ్ రూముల కోసం. తమ ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు. మన సాలార్‌జంగ్ నవాబు లాంటి సేకర్తలు ప్రపంచ మార్కెట్‌లో కొన్నారు, మార్కెట్‌లో ఉన్నవి ఇవే.

అయితే ఎగుమతి సరుకు కాబట్టి చవక పని అనుకోకండి. నాసిరకం బోలెడు వచ్చింది, నిజమే. దాని పక్కనే యబు మెయ్‌జాన్ సత్సుమా గిన్నె మీద భూతద్దం పెడితే తప్ప కనపడని మనుషుల ఊరేగింపు ఉంటుంది. క్యోటోలో నమికవ యసుయుకి తీగ పొదిగి చేసిన ఎనామెల్ కూజాలు చూస్తే నోట మాట రాదు. ఆయన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. క్యోటోలోనే సన్నెన్‌జక దారిలో మెయిజి కాలపు పనికోసమే ఒక మ్యూజియం ఉంది. కొనేవాడి రుచి మారింది, చేసే చెయ్యి తగ్గలేదు.

కనజావా_పద్మజ:
నాకు మెయిజి కూజాలు ఎక్కవు, అది నా రుచి. యనగి సోఎత్సు అన్నాయనకీ ఎక్కలేదు. పేరు లేని పనివాళ్ళు రోజూ వాడుకోవడానికి చేసిన వస్తువుల్లోనే ఆరోగ్యమైన అందం ఉందని వాదించి, స్నేహితులతో కలిసి దానికి మింగెయ్ (జనం కళ) అనే పేరు పెట్టి, 1936లో టోక్యో కొమబలో మ్యూజియం తెరిచాడు. బాటసారి గారూ, ఒక రోజు నేషనల్ మ్యూజియం ఉన్న ఉఎనో, ఒక రోజు కొమబ వెళ్ళండి. రెండిటి మధ్య ఎంత గొడవ ఉందో మీకే తెలుస్తుంది. సమయం మిగిలితే అయొయమలో నెజు మ్యూజియం. కోరిన్ ఐరిస్ పూల తెరలు అక్కడివే, పూలు పూసే కాలానికి ఏప్రిల్, మే నెలల్లో బయటికి తీస్తుంటారు.

లక్కలోనూ అలాంటిది ఒకటుంది, నెగొరో. నల్ల పూత మీద ఎర్ర పూత పూసి సన్యాసులు రోజూ వాడిన పళ్ళేలు, గిన్నెలు. ఏళ్ళ తరబడి చేతులు తగిలిన చోట ఎరుపు అరిగి కింది నలుపు బయటపడుతుంది. ఆ అరుగుదలే జనానికి ఎంత నచ్చిందంటే, తర్వాతి కాలంలో కొత్త గిన్నెల్నే నూరి అరిగినట్టు చేయడం మొదలుపెట్టారు. ఎక్కడ అరిగిందో చూడండి. చెయ్యి పట్టే చోట అరిగితే వాడినది. చెయ్యి పోని చోట అందంగా అరిగి ఉంటే అరగదీసినది.

లెక్క_తేలాలి:
పద్మజ గారూ, చూడటం సరే, ఒక గిన్నె కొనాలంటే? డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో వెయ్యి యెన్లకీ "లక్క గిన్నె" ఉంది, ముప్పై వేలకీ ఉంది. రెండూ నల్లగా మెరుస్తున్నాయి.

కనజావా_పద్మజ:
చీటీ చదవాలి. ఇక్కడి చట్టం ప్రకారం దేని మీద ఏ పూత పూశారో రాయాలి. ఫోన్‌లో కెమెరా అనువాదం పెట్టుకుంటే చాలు. పూత దగ్గర ఉరుషి అని ఉండాలి, ఉరెతాన్ అని ఉంటే అది మామూలు రసాయన పూత. గిన్నె దగ్గర తెన్నెన్‌మోకు అంటే చెక్క. దాని పక్కన కకోహిన్ అని చేరిందా, చెక్క పొట్టుని ప్లాస్టిక్‌తో కలిపి అచ్చు పోసింది. ఆ వెయ్యి యెన్ల గిన్నె మోసం కాదు, డిష్‌వాషర్‌లో వేసుకోవచ్చు, రోజూ వాడుకోవచ్చు. దాన్ని ముప్పై వేలకి కొనకుండా ఉంటే చాలు.

చేతిలోకి తీసుకోండి. చెక్క గిన్నె కంటికి కనిపించేదానికన్నా తేలిగ్గా ఉంటుంది, వేడి పులుసు పోసినా చెయ్యి కాలదు. మీ పెదవి అంచుకి తగిలినప్పుడు పింగాణీలా చల్లగా ఉండదు.

బందరు_బట్ట:
అందులో పెరుగన్నం తినొచ్చా?

కనజావా_పద్మజ:
మా ఇంట్లో తింటాం! చేత్తో తింటే ఇంకా మంచిది, స్టీలు చెంచా గీతలు పెడుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టకండి, నానబెట్టి వదిలేయకండి. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి స్పాంజి, వెంటనే తుడిచేయడం. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు. హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ గాలి నేరుగా తగిలే అరలో అసలొద్దు. బీరువాలో దాచినదానికన్నా రోజూ కడిగి వాడేదే ఎక్కువ కాలం ఉంటుంది, దానికి తేమ కావాలి కదా.

పాతబస్తీ_బాటసారి:
వాజిమ గిన్నె ఒకటి కొనాలని డిసైడయ్యాను. భూకంపం తర్వాత ఇప్పుడు టోక్యోలో దొరుకుతాయా?

కనజావా_పద్మజ:
దొరుకుతాయి. చాలామంది తాత్కాలిక షెడ్లలో పని మళ్ళీ మొదలుపెట్టారు, వేరే ఊళ్ళలో అమ్మకాలు పెడుతున్నారు. టోక్యోలో అయొయమలో దేశం మొత్తం సంప్రదాయ చేతిపనులకి ఒక దుకాణం ఉంది, అయొయమ స్క్వేర్, నెజు నుంచి దూరం కాదు. ప్రభుత్వం గుర్తించిన చేతిపనులు 240కి పైగా ఉన్నాయి, వాటి ముద్ర ఉన్న సరుకే అక్కడ ఉంటుంది. ఒక్కోసారి పనివాళ్ళే వచ్చి కూర్చుని పని చేసి చూపిస్తారు.

రంగు అడుగుతారు, మొదటిసారైతే బొమ్మ లేనిదే తీసుకోండి. బంగారం మీద డబ్బు పెట్టే బదులు అడుగు పూతల మీద పెట్టినట్టవుతుంది.

పాతబస్తీ_బాటసారి:
నలుపా, ఎరుపా?

పాత_సామాను:
పెరుగన్నానికైతే నలుపు. చారుకైతే ఎరుపు.

లెక్క_తేలాలి:
రెండూ కొనమనేగా మీరనేది. అమ్మేవాళ్ళ బుద్ధి పోనిచ్చుకోరు!